ఒరిజినల్ కాదుగా!

పోయిన సెమిస్టర్‌లో మా కాలేజీలో ఈ-వేస్ట్ డ్రైవ్ పెట్టారు. పాడైపోయిన ఛార్జర్లు, కీబోర్డులు, ఇయర్‌ఫోన్లు, ఏవుంటే అవి తెచ్చి డబ్బాలో వేయమన్నారు. ఆ వారం ఎ.కొండూరులో మా ఇంటికి వెళ్ళినప్పుడు అటక మీది అట్టపెట్టె దింపి, అందులో ఉన్నవన్నీ సంచిలో వేసుకొచ్చి డబ్బాలో పోసేశాను. అందులో మా మావయ్య చిన్నప్పటి వీడియో గేమ్ క్యాసెట్ కూడా ఉందని రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. పొద్దున్నే పరిగెత్తాను. డబ్బా ఖాళీ. వ్యాన్ వెళ్ళిపోయింది.

మావయ్యకి ఫోన్ చేసి చెప్పాను. "పోతే పోయిందిలేరా. అదేమన్నా ఒరిజినలా ఏంటి? డూప్లికేటేగా" అన్నాడు.

నన్ను ఊరడించడానికే అన్నాడు, తెలుసు. కానీ నా పేచీ అంతా ఆ మాటతోనే. ఒరిజినల్ కాదు కాబట్టే దాన్ని దాచి ఉండాల్సింది అంటాను నేను. ఎందుకో చెప్తాను.

కార్ట్రిడ్జ్ అనే మాట నేను ఇంజినీరింగ్‌కి వచ్చాకే విన్నాను. మా ఊళ్ళో అది క్యాసెట్టే. అందులో టేపు ఉండదు, చక్రాలు ఉండవు. ఒక ప్లాస్టిక్ డొప్ప, లోపల చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద గేమ్ రాసిపెట్టిన మెమరీ చిప్‌లు, అంతే. ఇలా గేమ్‌ని యంత్రం నుంచి విడదీసి, చిప్‌లో పెట్టి అమ్మొచ్చని మార్కెట్లో మొదట చూపించింది 1976లో అమెరికాలో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్. ఆ పనికి నాయకత్వం వహించిన ఇంజినీరు జెర్రీ లాసన్. పిల్లలు వందలసార్లు పెట్టి తీసినా బోర్డు అరిగిపోకూడదు. ఆ రోజుల్లో అది తేలిక లెక్క కాదు.

మన దాకా వచ్చిన క్యాసెట్ల వంశం మాత్రం జపాన్‌ది. 1983లో నింటెండో అక్కడ ఫ్యామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. దాని క్యాసెట్లు అరచేతిలో ఇమిడేంత చిన్నవి, రంగురంగులవి, 60 పిన్నులవి. అదే యంత్రం 1985లో అమెరికా వెళ్ళేసరికి వేషం మార్చింది. క్యాసెట్ బూడిద రంగు పెద్ద డొప్ప అయింది, పిన్నులు 72 అయ్యాయి. విప్పి చూస్తే చాలావాటిలో సగానికి పైగా ఖాళీయే! అంతకు ముందే అక్కడ వీడియో గేమ్‌ల మార్కెట్ కుప్పకూలింది కాబట్టి, ఇది ఆటబొమ్మలా కాకుండా వీసీఆర్‌లా కనపడాలని అలా చేశారు. పెరిగిన పిన్నుల్లో నాలుగు తాళానికి. యంత్రంలో ఒక చిప్, క్యాసెట్‌లో దాని జోడీ, రెండూ మాట్లాడుకుంటేనే గేమ్ నడుస్తుంది. కంపెనీ అనుమతి లేని క్యాసెట్‌ని గుమ్మంలోనే ఆపడానికి పెట్టిన కాపలా అన్నమాట. జపాన్ యంత్రంలో ఈ తాళం లేదు. తైవాన్‌లోనూ చైనాలోనూ తయారైన నకళ్ళు ఎక్కువగా ఆ 60 పిన్నుల దారే పట్టాయి. మన బజార్లకొచ్చిన పసుపు రంగు క్యాసెట్లు ఆ దారిన వచ్చినవే.

ఇప్పుడు మా ఇంటి రెండు క్యాసెట్ల సంగతి.

మావయ్యది తొంభైల్లో విజయవాడలో కొన్నది. నేను ఏడో తరగతి వేసవి సెలవుల్లో ఉండగా దాన్ని విప్పి చూపించాడు. లోపల కాళ్ళున్న నల్లటి చిప్‌లు రెండు ఉన్నాయి. ఒకదాంట్లో ప్రోగ్రాం, రెండోదాంట్లో బొమ్మలు. ఫ్యామికామ్‌లో ప్రాసెసర్‌కి ఒక దారి, తెర మీద బొమ్మ గీసే చిప్‌కి ఇంకో దారి వేరువేరుగా ఉంటాయి. అన్ని పిన్నులు కావాల్సింది అందుకే. మావయ్య ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకరోజు మారియో తెర మీద నడుస్తున్నాడట, గెంతుతున్నాడట, కానీ ఒళ్ళంతా చిందరవందర గళ్ళు. "ఆట నడుస్తోందంటే ప్రోగ్రాం చిప్ బాగున్నట్టే కదరా, తేడా బొమ్మల చిప్ దగ్గరే" అని తనే తర్కించుకుని, తిరువూరులో ఒక రేడియో షాపాయన దగ్గర సోల్డరింగ్ ఐరన్ అడిగి తెచ్చుకుని, వదులైన కాలు అతికించాడు. మారియో బాగుపడ్డాడు. మావయ్య తర్వాత అదే తిరువూరులో టీవీ రిపేరు షాపు పెట్టాడు. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు.

నా క్యాసెట్ నేను మూడో తరగతిలో ఉండగా నెమలి తిరునాళ్ళలో కొన్నది. పైన '9999999 ఇన్ 1' అని ఉంటుంది. ఆడితే పట్టుమని పది ఆటలు లేవు, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. దీని లోపల కాళ్ళున్న చిప్‌లు లేవు, బోర్డు మధ్యలో నల్లటి బొట్టు ఉంది. చిప్‌ని డొప్పలో పెట్టకుండా ఆ సిలికాన్ ముక్కనే బోర్డు మీద అంటించి, వెంట్రుకలాంటి తీగలతో కలిపి, పైన ఎపాక్సీ చుక్క వేస్తారు. ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ పాడైతే చేసేదేమీ లేదు. నాదీ ఒకరోజు గళ్ళు గళ్ళుగా వచ్చింది. మావయ్య విప్పి, బొట్టు చూసి, "దీనికి వైద్యం లేదురా" అని మూసేశాడు.

నాకు ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దదిగా అనిపిస్తుంది. రెండూ నకళ్ళే. ఒకటి మా మావయ్యకి పని నేర్పింది, రెండోది నన్ను ఆడుకోనిచ్చి ఊరుకుంది. అలాగని నల్లబొట్టుని తిట్టలేను. ఆ బొట్టే లేకపోతే తిరునాళ్ళలో ఆ ధరకి అది వచ్చేదే కాదు, నా చేతికి అందేదే కాదు. చవక చేయడమా, బాగుచేసుకునేలా చేయడమా? క్లాసులో దీన్ని ట్రేడాఫ్ అని ఒక్క మాటలో రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఎ.కొండూరులో ఆ మాటకి అర్థం ఒక కుర్రాడి చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉండటం, లేకపోవడం.

"దొంగ సరుకుకి ఇంత కథ ఎందుకు?" అని మా రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ గేమ్‌లు రాసినవాళ్ళకి మా మావయ్య ఇచ్చిన డబ్బుల్లో పైసా చేరి ఉండదు. 40 కిలోబైట్లలో సూపర్ మారియోని కుదించినవాళ్ళ పని అది. మనం వాట్సాప్‌లో పంపే ఒక్క ఫోటో మామూలుగా దానికంటే పెద్దది. అది తప్పు కాదని నేను అనను. కానీ ఒక వస్తువు గురించి రాసిపెట్టడం, దాన్ని మెచ్చుకోవడం ఒకటి కాదు.

పైగా ఒరిజినల్స్‌కి మన అవసరం లేదు. అమెరికా క్యాసెట్లకి మొదట్లో మామూలు స్క్రూలు అయిదు ఉండేవనీ, తర్వాత మూడే పెట్టారనీ, వాటి తలలు కూడా మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగకుండా మార్చారనీ లెక్క తీసి రాసుకున్నవాళ్ళు ఉన్నారు. మన పసుపు క్యాసెట్ల మీద తయారీదారు పేరు ఉండదు, సంవత్సరం ఉండదు, ఒక్కోసారి లేబుల్ మీద బొమ్మకి లోపలి ఆటకి సంబంధమే ఉండదు. వాటికి కాగితాలు లేవు. సాక్ష్యం ఆ వస్తువే. కాళ్ళున్న చిప్‌ల మీద మాత్రం సాధారణంగా నాలుగంకెల కోడ్ ఉంటుంది. 9423 అంటే 1994లో 23వ వారం అని. మావయ్య క్యాసెట్‌లోని చిప్‌ల మీద కూడా ఏవో అంకెలున్నాయి. ఏడో తరగతిలో నాకు అది చదవాలని తెలీదు. చదవడం వచ్చాక నేనే దాన్ని తీసుకెళ్ళి డబ్బాలో వేశాను.

సాహిత్య పత్రికలో ఈ గోలేంటి అనుకోకండి. కర్తెవరో తెలియని చాటుపద్యాలను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఊరూరా ఏరి పుస్తకం వేయకపోతే చాలావరకు నోళ్ళలోనే పోయేవి. పేరు లేని పనిని చేరదీయడం మనకి కొత్త కాదు.

అందుకే నేను అడిగేది చిన్న విషయం. వచ్చే ఏడాది ఈ-వేస్ట్ డబ్బా పక్కన ఒక బల్ల, ఒక స్క్రూడ్రైవర్ పెడదాం. క్యాసెట్ ఏదైనా వస్తే బయట ఒక ఫోటో, విప్పి లోపల ఒక ఫోటో తీద్దాం. ఎవరిది, ఏ ఊళ్ళో, ఎప్పుడు కొన్నారు అన్నది ఇచ్చినవాళ్ళనే అడిగి రాసుకుందాం. ఒక్కోదానికి అయిదు నిమిషాలు చాలు. ఆ తర్వాత డబ్బాలో వేసినా నాకు అభ్యంతరం లేదు.

నా వంతు మొదలుపెట్టాను. నా క్యాసెట్‌కి కాగితం రాశాను: పసుపు రంగు, 60 పిన్నులు, నల్లబొట్టు ఒకటి, నెమలి తిరునాళ్ళలో కొన్నది, పనిచేయదు. మావయ్యదానికీ ఒక కాగితం రాశాను: రెండు చిప్‌లు, విజయవాడలో కొన్నది, ఒకసారి బాగుచేశారు. ఫోటో అతికించాల్సిన చోటు, తేదీ రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను.