సహజకవచము లేని శిశువులు

1971వ సంవత్సరము సెప్టెంబరు మాసమున అమెరికాలోని హ్యూస్టన్ నగరమున జన్మించిన డేవిడ్ వెట్టర్ అను బాలుడు, తనకు ముందు పుట్టిన అన్న పుట్టుకతోనే రోగనిరోధకశక్తి లోపించు వ్యాధిచే శైశవముననే గతించియుండుటచేత, పుట్టిన క్షణములలోనే సూక్ష్మజీవులు చొరరాని ప్లాస్టిక్ గుడారమున నుంచబడి, దాదాపు జీవితమంతయు అందే గడపెను. 1983లో అక్క మూలుగను అతని కెక్కించిరి. కాని పెద్దలలో పెక్కుమంది దేహములందు ఏ హానియు చేయక దాగియుండు ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఆ మూలుగతో కూడ ప్రవేశించి, దానిని అదుపు చేయు కణములే లేని ఆ శరీరమున కంతులు పుట్టించి, 1984 ఫిబ్రవరిలో అతనిని బలిగొనెను.

ఆ లోపము ఏ జన్యువునందున్నదో 1993లో గాని తేలలేదు. ఎక్స్ క్రోమోసోముపై నుండు ఆ జన్యువు కణోపరితలమున ఒక చిన్న గ్రాహకభాగమును నిర్మించును. ఇంటర్‌ల్యూకిన్లనబడు రసాయన సంకేతములలో ఆరింటిని కణములు గ్రహించుటకు ఆ యొక్క భాగమే ఆధారము. అది చెడినచో, ఏడవ ఇంటర్‌ల్యూకిన్ సంకేతమందక టి కణములు థైమస్ గ్రంథిలో ఎదుగనే ఎదుగవు. పదునైదవదాని సంకేతమందక సహజహంతక కణములు పుట్టవు. బి కణములు సంఖ్యకు కొదువలేకయే యున్నను, టి కణముల తోడ్పాటు లేనందున, పనికివచ్చు ప్రతిరక్షకములను తయారుచేయజాలవు. మగవానికి ఎక్స్ క్రోమోసోము ఒక్కటే యగుటచే, తల్లి ఆరోగ్యవతియైనను కొడుకు రోగియగును.

1952లో ఆగ్డెన్ బ్రూటన్ అను అమెరికా సైనికవైద్యుడు వర్ణించిన వ్యాధి యిందుకు భిన్నము. అందు బి కణములే మూలుగలో అర్ధాంతరముగ నిలిచిపోవును. తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకములు కొన్ని నెలలు కాచును గనుక, శిశువు ఆ పిమ్మటనే రోగములపాలగును. గామాగ్లోబ్యులిన్ క్రమముగ నిచ్చుచుండిన బ్రతుకును.

టి, బి కణములు రూపొందుటకు కావలసిన రాగ్ అను జన్యువుల లోపము వంటివి తల్లిదండ్రులిరువురినుండియు సంక్రమించిననే బయటపడును. ఇరువురును వాహకులైనచో ప్రతి కాన్పునందును నాల్గింట నొకపాలు భయము. మేనరికములు ఇంకను నడచుచున్న తెలుగునాట ఇది ఉపేక్షింపదగిన మాట కాదు. అయినను మేనరికమును నిందించి ఊరకుండుటకంటె శిశువును పరీక్షించుట మేలని నా తలంపు, ఏలయనగా బంధుత్వము లేని దంపతుల యింటను ఈ వ్యాధులు పుట్టుచునేయున్నవి. మడమనుండి తీసిన రక్తపుచుక్కలో, టి కణములు రూపొందునపుడు మిగులు డిఎన్‌ఏ వలయములు కలవో లేవో చూచు పరీక్ష 2008లో విస్కాన్సిన్ రాష్ట్రమున మొదలై, 2018 నాటికి అమెరికా యంతటను వ్యాపించెను. అచ్చట సుమారు 58,000 జననములకొక శిశువునకు టి కణములు లోపించు ఈ వ్యాధి కనబడినది. అంటురోగమేదియు సోకకముందు, తొలి మూడున్నర నెలలలో మూలుగ మార్పిడి జరిగినవారిలో నూటికి తొంబదిమందికి పైగా జీవించిరి.

మన దేశమున ఇట్టి పరీక్ష అందరు శిశువులకును జరుగుట లేదు గాని, బి.సి.జి. టీకా మాత్రము పుట్టిన వెంటనే వేయుదురు. అది బలహీనపరచిన సజీవ సూక్ష్మజీవులతో చేసినది. తక్కిన శిశువులకు మేలు చేయు ఆ టీకాయే, టి కణములు లేని బిడ్డ దేహమంతట వ్యాపించి ప్రాణము తీయగలదు. కావున పూర్వమొక పసిబిడ్డ ఎడతెగని అంటురోగములతో మరణించిన కుటుంబమున మరల కాన్పు జరుగునపుడు, టీకా వేయుటకు ముందే ఆ సంగతి వైద్యునకు తప్పక తెలుపవలయును.