సౌండ్ బాక్సుల కంటే ముందు ఒక చిన్న ఫ్రిజ్

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2019 మే 3న ఫణి పూరీ దగ్గర దాటింది. గాలి ఒక్కరోజులో వెళ్లిపోయింది. ఫణి తర్వాత కరెంటు మాత్రం చాలా పేటలకు వారాల తరబడి రాలేదు. గంజాం నుంచి పూరీ దాకా తరతరాలుగా ఉంటున్న మన తెలుగు జాలరి కుటుంబాలకు ఇది తెలియని కష్టం కాదు.

తుఫాను సహాయం అనగానే మన సంఘాలకు గుర్తొచ్చేవి బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్లు. అవి కావాలి. కాని షుగరు జబ్బుతో రోజూ ఇన్సులిన్ పొడుచుకునే ఒక తల్లి "అయ్యగారూ, నా మందు ఎక్కడ పెట్టుకోను?" అని అడిగితే మన దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మేము విన్నాం. సిగ్గుపడ్డాం.

వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న సీసా చాలావరకు నెల రోజులు బయట ఆగుతుంది గాని, అదీ 25, 30 డిగ్రీలు దాటకపోతేనే. మే నెలలో రేకుల ఇంట్లో అది కుదిరే పనేనా? వేడికి బలం తగ్గిన మందు చూడటానికి మామూలుగానే ఉండవచ్చు. సూది వేసుకున్నామన్న ధైర్యంతో మనిషి ఉంటాడు, లోపల షుగరు పెరుగుతూనే ఉంటుంది. తడిగుడ్డ చుట్టిన మట్టికుండ కొంత ఆదుకుంటుంది. కాని సముద్రపు తేమగాలిలో కుండ కూడా అంత చల్లబడదు.

అందుకే మేము అనేది ఇది: తీరప్రాంతంలో, కొండ ఊళ్లలో ఉన్న ప్రతి సంఘం మందిరంలో సోలార్‌తో నడిచే ఒక చిన్న మందుల ఫ్రిజ్ ఉండాలి.

మేము మొదట చేసిన తప్పు కూడా చెబుతాం. ఎవరో ఇచ్చిన పాత ఇంటి ఫ్రిజ్‌కు ఇన్వర్టరు, లారీ బ్యాటరీ తగిలించాం. మొదటి వానాకాలంలోనే బ్యాటరీ చచ్చిపోయింది. లారీ బ్యాటరీ ఇంజను స్టార్టు చేయడానికి ఒక్క క్షణం బలం ఇస్తుంది, రోజూ ఖాళీ అయి నిండటానికి చేసింది కాదు. ఇన్వర్టరు 15 వాట్లు తిన్నా 24 గంటలకు మూడోవంతు యూనిట్టు దానికే పోతుంది.

లెక్క ఇలా వేసుకోవాలి. 12 వోల్టుల డీసీ కంప్రెసరు ఉన్న 50 లీటర్ల ఫ్రిజ్‌కు ఇన్వర్టరు అక్కర్లేదు. రోజుకు సుమారు అర యూనిట్టు చాలు. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో వాడుకోగలిగింది దాదాపు ఒక యూనిట్టు, అంటే మబ్బు పట్టినా రెండు రోజులు గడుస్తుంది. 300 వాట్ల ప్యానెలు, మంచి చార్జ్ కంట్రోలరు ఉంటే ఎండ వచ్చిన రోజున ఫ్రిజ్ నడుస్తూనే బ్యాటరీ కూడా నిండుతుంది. తుఫాను హెచ్చరిక రాగానే ప్యానెలు విప్పి లోపల పెట్టుకునేలా బిగించాలి.

"ప్రభుత్వమే ఇళ్లమీద సోలార్ పెడుతోంది కదా" అంటారు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మంచిదే. కాని సొంత ఇల్లు, గట్టి పైకప్పు, కరెంటు కనెక్షను ఉన్నవారికే అది అందుతుంది. పట్టా లేని పేటవాసి సంగతేమిటి? ఇంకొకటి. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్‌మన్ ప్రాణం కాపాడటానికే ఆ ఏర్పాటు. అంటే తుఫాను రాత్రి పైన ప్యానెళ్లున్నా కింద చీకటే.

"కొన్నాళ్లకు మూలపడుతుంది" అన్న అభ్యంతరం నిజమైనది. మూలపడిన సోలార్ దీపాలు ప్రతి ఊళ్లోనూ చూస్తున్నాం. వస్తువు ఇచ్చి వెళ్లిపోయినందువల్లే అలా జరిగింది. అందుకే కానుకల్లో కొంత నెలనెలా కొత్త బ్యాటరీ కోసం పక్కన పెట్టాలి. ఫ్రిజ్‌లో థర్మామీటరు, బయట ఒక రిజిస్టరు, ఇద్దరి దగ్గర తాళాలు ఉండాలి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు కాబట్టి మందును ఐస్ గదికి ఆనించకూడదు. చేపలు, కూల్‌డ్రింకులు, పాస్టరుగారి పెరుగు, ఏవీ అందులో పెట్టకూడదు. మందు తెచ్చినవారి కులం, మతం, భాష అడగకూడదు.

ఖర్చు ఎక్కువంటారా? ఒక మాదిరి సౌండ్ సిస్టం ఖర్చు దరిదాపుల్లోనే ఉంటుంది. బాక్సులు కొనేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

యువతీ యువకులారా, మీలో ఐటీఐ ఎలక్ట్రికల్ చదివినవారున్నారు, నర్సింగ్ చదివినవారున్నారు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ పేటలో ఇన్సులిన్ వాడేవారు ఎంతమందో ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి. ఆ జాబితా సంఘ పెద్దల ముందు పెట్టండి. పదిమంది కన్యకల ఉపమానం మనం ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. నూనె ముందే సిద్ధం చేసుకోవాలని చెప్పాం. తుఫానుల కాలం మళ్లీ వస్తుంది. మన నూనె ఎక్కడ?