అద్దె యిల్లు, సొంత పట్టా

ఖమ్మము మొదలు భద్రాచలపు అడవియంచు వరకు నేడు గ్రంథాలయములు, సహకార సంఘములు, పాఠశాలలు తమకొక వెబ్‌సైటు ఉండవలెనని కోరుచున్నవి. ఈ కోరిక శ్లాఘనీయమే. కాని దానిని ఎవరి సర్వరుపై నిలుపవలెనను ప్రశ్న వచ్చినప్పుడు మనవారు చవుకధర ప్రకటన నొకదానిని చూచియో, పరిచయస్థుని మాట వినియో నిర్ణయించుచున్నారు. సంఘమునకు ఇల్లు అద్దెకు తీసికొనునప్పుడు చూపు జాగ్రత్తలో నాలవవంతైనను ఇందు కానరాదు. ఈ యుపేక్షవలన కలుగు నష్టము అల్పము కాదు గనుక విషయమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

వెబ్‌సైటునకు రెండంగములు గలవు: డొమైను పేరు, హోస్టింగు. మొదటిది పట్టా వంటిది, రెండవది అద్దె యిల్లు వంటిది. భూమి దున్నుట వేరు, పట్టా యుండుట వేరు అని ఈ ప్రాంతపు ప్రజలకు ఎవరును బోధింపనక్కరలేదు. తరతరములుగా పోడు చేసికొన్నవారు 2006 నాటి అటవీ హక్కుల చట్టము వచ్చువరకు హక్కుపత్రము లేక పడిన యిక్కట్లు వారెరుగుదురు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, 1970 నాటి సవరణ ఉండియు బినామీ పేర్ల చాటున గిరిజనుల భూములు చేతులు మారుట మన న్యాయస్థానములకు క్రొత్త కథ కాదు. అట్టి చోట సంఘపు డొమైనును వెబ్‌సైటు కట్టిన కంట్రాక్టరు పేర వ్రాయించుట తెలిసి తెలిసి బినామీ వ్యవహారమునకు దిగుట కాదా? అతడు ఊరు విడిచినను, తగవు పడినను, ఏటేటి రుసుము కట్ట మరచినను చిరునామా చేజారును. నమోదు పత్రమున సంఘము పేరుండవలెను. సంకేతపదము కార్యదర్శి జేబులో గాక కార్యాలయమున నుండవలెను. హోస్టింగుతో పాటు డొమైను ఉచితమని కంపెనీవారు చెప్పినప్పుడు అది ఎవరి పేర నమోదగునో, విడిచిపోవునాడు బదిలీ సంకేతము నిత్తురో లేదో వ్రాతమూలముగా అడుగవలెను.

భద్రాచలము 1959లో తూర్పు గోదావరి జిల్లానుండి ఖమ్మము జిల్లాలో చేరినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చినది. కచేరీలు మారినవి గాని ఊరి పేరు మారలేదు. యాత్రికుడు దారి తప్పలేదు. డొమైను మన చేత నున్నంత కాలము సర్వరులెన్ని మారినను పాఠకుడు అట్లే మన వాకిటికి వచ్చును.

ఇక అద్దె మాట. ప్రకటనలో పెద్ద అక్షరములతో నుండునది మొదటి సంవత్సరపు ధర. రెండవ యేట కట్టవలసినది అడుగున చిన్న అక్షరములతో నుండును. మూడేండ్లకు మొత్తమెంతయో లెక్కించి పోల్చవలెను. "అపరిమితము" అను మాటకు షరతుల పత్రమున పరిమితు లుండును. నూటికి 99.9 వంతుల కాలము సైటు నడుచునన్న వాగ్దానమునకు అర్థము, ఏడాదిలో సుమారు 8 గంటల 45 నిమిషములు ఆగవచ్చుననియే. 99 వంతులే యన్నచో మూడు దినములు దాటును. చిన్న గ్రంథాలయమునకు పలువురతో కలిసి వాడుకొను ఉమ్మడి సర్వరు చాలును. శ్రీరామనవమి దినములవలె ఒక్కమారుగా జనము వచ్చిపడు సైటునకు అది చాలదు.

సర్వరు ఎచ్చట నున్నదనుటయు చూడదగినదే. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. అమెరికాకు పోయి వచ్చుటకు సెకనులో పదవవంతుకు మించి పట్టును. ఒక పుట తెరచుటకు అట్టి ప్రయాణములు పెక్కు. సిగ్నలు సన్నగిల్లిన అడవి గ్రామమున ఈ జాప్యము భారమగును. నేడు ముంబయిలోను, హైదరాబాదులోను సర్వరులు దొరకుచున్నవి. అమెజాను కంపెనీ 2022 నవంబరులో హైదరాబాదు కేంద్రమును తెరచినది. అయితే యంత్రము మన నేలపై నున్నంతనే స్వదేశీయము కాదు. ఎవరి యింటనున్నను మన సామాను మనము తీసికొని వెడలగల స్వేచ్ఛయే ఇందు స్వరాజ్యము.

ఈ చిక్కులేల, ఉచితమైన ఫేస్‌బుక్కు పుట చాలదా యని కొంద రడుగుదురు. యాహూ కంపెనీ జియోసిటీసు అను ఉచిత నివాసమును 2009లో మూసివేసినప్పుడు లక్షల పుటలు ఆ చిరునామాలనుండి తొలగిపోయినవి. ఉచితముగా నిచ్చినవానిని నిలదీయుటకు మనకు ఒడంబడిక యేది?

2022 జూలైలో భద్రాచలమున గోదావరి 71 అడుగులు దాటినది; మూడవ హెచ్చరిక 53 అడుగులకే ఇచ్చుదురు. ఆ వరదను చూచినవారు దస్త్రములను మెరక కెక్కింపక నిదురింపరు. 2021 మార్చిలో ఫ్రాన్సుదేశపు స్ట్రాస్‌బర్గునందు ఓవీహెచ్ కంపెనీ సర్వరుల భవనము దగ్ధమైనప్పుడు వేరుచోట ప్రతి నుంచని పలువురు సర్వమును కోల్పోయిరి. కంపెనీ ప్రతులు తీయుచున్నదను మాటతో తృప్తిపడరాదు. నెల కొకమారు మన చేతికి ఒక ప్రతి రావలెను; దానినుండి సైటు తిరిగి లేచునో లేదో పరీక్షింపవలెను. పరీక్షలో తెలుగు అక్షరములు సరిగా వచ్చినవో ప్రత్యేకముగా చూడవలెను. డేటాబేసు యూనికోడు పద్ధతిన లేనిచో మన గ్రంథములు ప్రశ్నార్థకముల వరుసలగును.

కావున మా సూచన యిది: డబ్బు కట్టుటకు ముందు ఆ కంపెనీకి ఒక సందేహము వ్రాసి, జవాబెన్ని గంటలకు వచ్చునో, మనుష్యుడే వ్రాసెనో చూడుడు. పిమ్మట డొమైను ఎవరి పేర నున్నది, రెండవ యేటి ధర యెంత, ప్రతి ఎచ్చట నున్నది, విడుచు మార్గమేది అను నాలుగు ప్రశ్నల జవాబులను సంఘపు తీర్మానముల పుస్తకమున వ్రాసికొనుడు. కార్యవర్గములు మారును, యువకులు ఉద్యోగములకై పోవుదురు. ఆ పుట యొక్కటి నిలిచిన సంఘపు వాకిలి మూతపడదు.