నారబట్ట చాలు

మా గోరంట్ల పల్లెల్లో చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించరు. ఆ పూట ఇరుగుపొరుగే అన్నం తెచ్చి పెడతారు. ప్రాచీన యూదుల ఆచారమూ ఇదే. భూస్థాపన చేసి వచ్చాక దుఃఖంలో ఉన్నవారు మొదటి భోజనంగా సొంత తిండి తినకూడదు, పొరుగువారు తెచ్చినదే తినాలి.

యూదులు వీలైనంతవరకు చనిపోయిన రోజే భూస్థాపన చేసేవారు. దేహాన్ని కడిగి, నారబట్టలు చుట్టి, స్తోమతను బట్టి సుగంధ ద్రవ్యాలు వాడేవారు. ధనవంతులకు రాతిలో తొలిచిన సమాధి, బీదలకు మట్టిలో గుంట. యేసుప్రభువు కాలంలో యెరూషలేము ప్రాంతంలో, ఏడాది గడిచాక ఎముకలను ఏరి సున్నపురాతి పెట్టెల్లో భద్రపరిచే వాడుక కూడా ఉండేది. ప్రధాన యాజకుడైన కయప కుటుంబానిదిగా పలువురు పండితులు భావించే సమాధిలో అలాంటి పెట్టెలు 1990లో బయటపడ్డాయి.

అయితే ఈ ఆచారాల్లోకి ఆడంబరం చొరబడింది. ధనికుల ఇంటికి వెండి, బంగారు బుట్టల్లో, బీదల ఇంటికి పుల్లల బుట్టల్లో భోజనం వెళ్లేదని యూదుల తల్ముదు చెబుతోంది. బీదలు సిగ్గుపడుతున్నారని, అందరికీ పుల్లల బుట్టే అని పెద్దలు నియమించారు. కరవుకు నల్లబడిన బీదల ముఖాలు వెలివెలబోతున్నాయని, అందరి ముఖాలూ కప్పాలన్నారు. అయినా ఖర్చు చావు కంటే బరువై, కొందరు శవాన్ని వదిలి పారిపోయేవారట. అప్పుడు రబ్బాన్ గమలీయేలు తనను సాదా నారబట్టలోనే పాతిపెట్టమన్నాడు. ఆ తర్వాత ప్రజలంతా ఆయన బాటలోనే నడిచారు.

కరవు మనకూ కొత్త కాదు. వేరుశనగ పంట పోయిన ఏడాది కూడా అప్పు చేసి అలంకరించిన పెట్టె, షామియానా, మైకు, ఆదరణ కూడిక నాడు ఊరందరికీ భోజనాలు! ఫ్లెక్సీలో నా ఫొటో వేసినప్పుడు నేనూ వద్దనలేదు. తప్పు నాది కూడా.

ప్రభువు భూస్థాపనకూ ఖర్చయింది. అరిమతయియ యోసేపు తన కొత్త సమాధిని ఇచ్చాడు. నీకొదేము సుమారు 33 కిలోల బోళము, అగరు తెచ్చాడు. కానీ ఆ భారం తల్లి మరియ మీద పడలేదు. ఉన్నవారు మోశారు.

మన సంఘాల్లోనూ అలాగే జరగాలి. ధనికుడికైనా కూలికైనా ఒకే రకం తెల్లబట్ట, ఒకే రకం పెట్టె సంఘమే ఇవ్వాలి. ఆదరణ కూడికకు వెళ్లేవారు ఆ ఇంట తినడానికి కాదు, ఆ ఇంటికి తినిపించడానికి వెళ్లాలి. చనిపోయినవారు మన మేలుకు బదులు తీర్చలేరు. అందుకే అది నిజమైన ప్రేమ.