అంటు మేలా, విత్తు మేలా?

"విత్తొకటి నాటిన చెట్టొకటి మొలచునా" యని మన పెద్దలు చెప్పుదురు. వరి, పెసర మొదలగు పైరుల విషయమున నీ మాట చాలవఱకు నిజమే. కాని బంగినపల్లి మామిడిపండు తిని, దాని టెంకను పెరటిలో పాతి, ఏండ్ల తరబడి నీరు పోసి పెంచిన రైతు నడిగి చూడుడు. మొలచినది మామిడిచెట్టే, కాసినది మాత్రము బంగినపల్లి కాదు. ఒక టెంకనుండి పీచుకాయ వచ్చును, ఒకదానినుండి పుల్లని కాయ వచ్చును, ఎన్నడో యొకప్పుడు తల్లిని మించిన కాయయు రావచ్చును. అదే చెట్టు కొమ్మను అంటుకట్టి నాటినచో అచ్చముగా తల్లి రుచిగల పండ్లే కాయును. ఈ భేదమునకు కారణమేమో ప్రతి రైతును తెలిసికొనవలెను. దానిపై మన పంటయు, ఆ పంటను నమ్మి సంఘమిచ్చు అప్పును ఆధారపడి యున్నవి.

ప్రాణులు తమ సంతతిని రెండు విధములుగా పెంచుకొనుచున్నవి. మొదటి విధమున జంటతో పనిలేదు. తల్లి దేహములోని యొక ముక్కయే వేఱుపడి మఱియొక ప్రాణి యగును. చెరకు ముచ్చె, అరటి పిలక, పసుపు కొమ్ము, తమలపాకు తీగ, మల్లె కొమ్మ, మామిడి అంటు ఇవన్నియు నీ తెగకు జెందినవే. ముక్కలు కాకున్నను, పైరులను పీల్చు పేనుబంకయు జంటలేకయే పెరుగును. మగపురుగు లేకయే ఆడుపురుగు పిల్లలను కనును; అందుచేతనే నేడు నాలుగు మొక్కలపై కనబడిన పేనుబంక కొలది దినములలో చేనంతయు నిండును.

రెండవ విధము ఆడు మగల కలయిక. పూవులోని పుప్పొడి కీలాగ్రముపై బడి అండముతో గూడినప్పుడు విత్తనమగును. అందు తల్లి గుణములు సగము, తండ్రి గుణములు సగము చేరును. ఒక తల్లి కడుపున బుట్టిన బిడ్డలందఱు నొక్క తీరున నుండరు గదా, విత్తులును అంతియే. వరిపూవు చాలవఱకు తన పుప్పొడితోనే ఫలించును గనుక బిడ్డలు తల్లిని పోలియుండును. మామిడి, మొక్కజొన్న మొదలగునవి పరాగమును ఇతర చెట్లనుండి గ్రహించును గనుక బిడ్డలు పలువిధములుగా నుండును. సంకర మొక్కజొన్న గింజలను దాచి మరుసటి యేడు విత్తినచో పైరు ఎగుడుదిగుడుగా వచ్చుటకును గుణములిట్లు చెదరిపోవుటయే కారణము.

కావున అంటే మేలని తోచవచ్చును. ఆదాయమునకు అది మేలే, నేను కాదనను. కాని అంటులోని మంచియే దానిలోని అపాయము. ముచ్చె తల్లి తీపిని తెచ్చినట్లే తల్లి రోగమును గూడ తెచ్చును. చెరకు గడను నిలువున చీల్చినప్పుడు ఎఱ్ఱబారిన కండలో నడ్డముగా తెల్లని మచ్చలును, పులిసిన కల్లు వాసనయు నున్నచో అది ఎఱ్ఱకుళ్ళు తెగులు. అట్టి తోటలోని ముచ్చెలను నాటిన రైతు తన సొంత డబ్బుతో రోగమును నాటుకొనుచున్నాడు. అంతేగాక, ఒకే గడనుండి పుట్టిన చెరకంతయు నిజమునకు ఒక్క మొక్కయే. ఒక దుబ్బును చంపగల తెగులు వేయి ఎకరములను చంపగలదు.

ఇది వట్టి బెదిరింపు కాదు. 19వ శతాబ్దము చివరి యేండ్లలో గోదావరి డెల్టాలో ఎఱ్ఱకుళ్ళు చెరకు సాగును చెడగొట్టెను. దాని నెదుర్కొనుటకై 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధనక్షేత్రము వెలసెను. మన కాలమునను అట్టిదే జరిగినది. 2009లో విడుదలయైన కో 0238 అను చెరకు మంచి దిగుబడి నిచ్చుటచే ఉత్తరప్రదేశ్ చెరకు భూములలో అత్యధిక భాగము నాక్రమించెను. పదియేండ్లు గడచునంతలో ఎఱ్ఱకుళ్ళు దానిని పట్టుకొనగా, అచటి రైతులు రకము మార్చుకొనవలసి వచ్చెను. అరటి కథయు నిట్టిదే. ఒకప్పుడు ప్రపంచపు ఎగుమతి వ్యాపారమును ఏలిన గ్రోమిషెల్ అరటి, పనామా వాడుతెగులు చేత 1960 నాటికి వెనుకబడిపోయినది. మన అమృతపాణియు నీ తెగులునకు లొంగునదే. కర్పూరచక్కెరకేళి దానికి చాలవఱకు తట్టుకొనును. రెండును పిలకలతో పెరుగునవే యైనను, రెండు రకములు పెంచిన గ్రామమునకు ఒకటి పోయినను ఒకటి మిగులును.

మఱి యీ చిక్కులనుండి విడిపించినదెవరు? విత్తనమే. 1912లో కోయంబత్తూరులో నెలకొల్పబడిన చెరకు అభివృద్ధి కేంద్రములో శ్రీ టి. ఎస్. వెంకట్రామన్ గారును, వారి పైయధికారి బార్బరు దొరగారును తీయని లావుపాటి చెరకును, మన కాలువగట్లపై ఊరక పెరుగు రెల్లుతో కలిపిరి. తీపి ఒకదానిది, మొండితనము మఱియొకదానిది. ఆ సంకరము నుండి పుట్టిన కో 205 అను రకము 1918లో రైతులకు చేరెను. తరువాత వచ్చిన కో 419 దక్షిణదేశమున దశాబ్దముల తరబడి సాగెను. ఎవరును విలువ కట్టని రెల్లుగడ్డియే చెరకునకు ప్రాణదాత యయ్యెను. ముచ్చెలు ఎన్ని నాటినను ఈ క్రొత్త గుణము పుట్టియుండదు.

కావున నా యభిప్రాయ మిది: పంటకు అంటు, భవిష్యత్తునకు విత్తు. ఒకదానిని పట్టుకొని రెండవదానిని విడుచుట తగదు. విత్తునుండి వచ్చిన మొక్కలతోనే తోట వేయుమని నేను చెప్పను. అది రైతు భరింపగల పందెము కాదు. కాని మన సంఘములు ఈ క్రింది పనులు చేయవలెను.

మొదటిది, ప్రతి సంఘమును ముచ్చెలకై ప్రత్యేకముగా నొక మడి పెంచవలెను. తెగులు లేని తోటనుండి తెచ్చి నాటి, ఆరు మొదలు ఎనిమిది మాసముల వయస్సున ముచ్చెలుగా కోసి సభ్యులకు పంచవలెను. కార్శి తోటనుండి ముచ్చెలు తీయరాదు. వేడినీటి శుద్ధి గడ్డిదుబ్బు తెగులునకు ఉపయోగించును గాని, లోపల ఎఱ్ఱకుళ్ళు పట్టిన ముచ్చెను మందులో ముంచినంత మాత్రమున నమ్మరాదు. పొరుగువాని తోటలో ఉచితముగా దొరకు ముచ్చె అన్నిటికంటె ఖరీదైనది.

రెండవది, అప్పు లిచ్చునప్పుడు గ్రామమంతయు నొకే రకము నాటకుండ చూడవలెను. అందఱి పంట ఒక్క యేట పోయినచో బాకీ ఎవరు తీర్తురు? ఒకరికొకరము పూచీపడిన సంఘమునకు ఇది ముఖ్యమైన ప్రశ్న. కణజాల వర్ధనముతో పెంచిన అరటి మొక్కలు తెగులు లేకుండ వచ్చునన్నది నిజమే. కాని అవియు నొకే తల్లి ముక్కలని మఱువరాదు.

మూడవది, టెంకనుండి మొలచిన పాత నాటుమామిళ్లను వంటచెఱకునకై నఱకివేయకుడు. వానిలో ప్రతి చెట్టును వేఱొక రకమే. వానిలో నొకటి పేరులేని గొప్ప రకము కావచ్చును. మంచి కాయ కాయు చెట్టునకు గుర్తు పెట్టి, దాని కొమ్మను అంటుకట్టించి నిలుపుడు. నేడు మనము ఆదరించు అంటుమామిడి రకములలో పెక్కింటి మూలపురుషుడు ఏదో యొక దొడ్డిలో తనంతట మొలచిన టెంకయే.

ఈ మూడు పనులకును పెద్ద ధనము అక్కఱలేదు. వచ్చు మహాజనసభలో నొక తీర్మానము, ముచ్చెల మడికి ఒక ఎకరము నేల యున్న చాలును.