ఒక్క యక్షరము తప్పినచో

గత వేసవిలో ఆళ్ళగడ్డనుండి మా వదినెగారు నంద్యాలకు వచ్చి మా యింట కొన్ని దినములుండిరి. అంతకు మూడు నెలలనుండి అప్పుడప్పుడు మూత్రము ఎర్రగా పోవుచుండెనట. నొప్పి లేదు, జ్వరము లేదు. "ఎండలకు వేడి చేసినది, అంతే" యని సబ్జాగింజల నీరు, బార్లీ గంజి త్రాగుచుండిరి. మేము బలవంతముచేసి వైద్యులకు చూపగా, మూత్రాశయములో క్యాన్సరు కంతి యున్నదని తేలెను. కావున నీ మాసము ఆ విషయమే ముచ్చటింతము.

మన శరీరమందలి ప్రతి కణములోను జన్యువులను గ్రంథమొకటి కలదు. కణము రెండగునపుడెల్ల నా గ్రంథమునకు ప్రతి వ్రాయబడును. తాళపత్రములకు ప్రతులు వ్రాయునపుడు ఒక్క యక్షరము తప్పినను అర్థము తారుమారగుట మనమెరిగినదే. 1982లో శాస్త్రజ్ఞులు మూత్రాశయపు క్యాన్సరు కణములలోని హెచ్-రాస్ అను జన్యువును పరిశోధింపగా, అందు ఒకే యక్షరము మారియుండెను!

ఈ కంతులకు ముఖ్యముగా రెండు త్రోవలు గలవు. ఎఫ్.జి.ఎఫ్.ఆర్.-3 అను జన్యువు చెడిన "పెరుగుము" అను ఆజ్ఞ యెడతెగక సాగును. ఇట్టి కంతులు తరచుగా లోపలి పొరయందే యుండును. తీసివేసినను మరల మొలచు స్వభావము గలవి. టి.పి.-53, ఆర్.బి.-1 అను జన్యువులు కావలివారు. వారు పడిపోయినచోట కంతి కండరములోనికి చొచ్చుకొనిపోవుట యెక్కువ. మొదటిదానిని మూత్రమార్గమున సన్నని గొట్టముపంపి తొలగింపవచ్చును. కొందరికి క్షయనివారణకు వాడు బి.సి.జి. మందునే మూత్రాశయములోనికి ఎక్కింతురు. రెండవదానికి మూత్రాశయమునే తీయవలసి రావచ్చును.

అక్షరము తప్పుటకు ప్రధానకారణము పొగాకు. చుట్ట, బీడీ పొగలోని విషములు రక్తమున కలిసి, మూత్రముతో దిగి, మూత్రాశయములో గంటలకొలది నిలిచి గోడకణములను చెరుపును. ఈ విషములలో కొన్నిటిని విరిచెడు ఎన్.ఏ.టి.-2 జన్యువు కొందరిలో మందముగా పనిచేయును. వారికి కీడు మరింత. మా వదినెగారికి చిన్ననాటినుండి చుట్ట యలవాటు.

ముదిరినవారికిచ్చు మందులలో మెథోట్రెక్సేటు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము కృషివలన వచ్చినది. విన్‌బ్లాస్టిను మన పెరటి బిళ్ళగన్నేరునుండి లభించినది. అట్లని ఆకు నూరి త్రాగరాదు, అది విషము.

వదినెగారి కంతి పైపొరయందే యుండుటచే తొలగించిరి. చుట్ట మానిరి, మూడు నెలలకొకమారు పరీక్షకు పోవుచున్నారు. అన్నయ్యగారు శిల్పులు. "రాతిలోని బీటను ఉలి పెట్టకమునుపే కనిపెట్టవలెనమ్మా" యని వారనిరి.

కావున సోదరీమణులారా! మూత్రమున నెత్తురు ఒక్కమారు కనబడి నిలిచిపోయినను, వేడియనియు నెలసరియనియు సరిపెట్టుకొనకుడు. సిగ్గు విడిచి వైద్యునకు చెప్పుడు. అత్తగారికైనను, పనిమనిషికైనను ఈ మాట చెప్పుట మన విధి.