యెరికో త్రోవకు కావలి

మంచి సమరయుని కథ తరగతిలో నేటేట చెప్పుచున్నాను. గాయములకు కట్లు కట్టినవానిని బాలురందఱు మెచ్చుకొందురు. యెరికో త్రోవకు కావలి యేల పెట్టలేదని మాత్రము ఎవ్వరును అడుగలేదు.

ఆ కావలియు ధర్మకార్యమే యని నా యభిప్రాయము. మశూచికమును చూడుడు. 20వ శతాబ్దమున అది సుమారు 30 కోట్లమందిని బలిగొన్నదని యంచనా. టీకాలవారు ఊరూర తిరిగి, రోగి యున్న చోటు కనిపెట్టి, చుట్టుపట్లవారికెల్ల టీకాలు వేసి దానిని రూపుమాపిరి. 1980లో ప్రపంచారోగ్యసంస్థ ఆ శుభవార్తను ప్రకటించెను. ఇంతకంటె ఫలించిన పరోపకారమును నేనెఱుగను.

అయినను 1978లో, ఆ వ్యాధి సహజముగా సోకుట ఆగిపోయిన మఱుసటి యేడే, ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరమున ఒక ప్రయోగశాలనుండి ఆ విషక్రిమి వెలువడి యొక స్త్రీని చంపెను. 2018లో కెనడా శాస్త్రజ్ఞులు, కొని తెప్పించుకొన్న డి.ఎన్.ఏ. తునకలతో, మశూచికపు దాయాదియగు గుఱ్ఱపుమశూచి క్రిమిని నిర్మించినట్లు ప్రచురించిరి. వారు కోరినది మేలైన టీకా. ఆ విద్య నేర్చువారందఱు నదియే కోరుదురా?

అట్టి తునకల నమ్ము కొన్ని సంస్థలు 2009 నుండి తమంతట తామే, కొనువాడెవడో, కొనునదేమో పరీక్షించుచున్నవి. అమ్మువారి కందఱికిని అది విధి కావలెను.

ఆ పనిలో పూలదండలు లేవు. తప్పిన యాపదకు సాక్ష్యముగా చూపుటకు రోగియు నుండడు. వైద్యవిద్యకు పోగోరు మా బాలబాలికలలో ఒకరిద్దఱనైన ఆ పరీక్షాపు బల్లయొద్దకు పంపుడని తల్లిదండ్రులను వేడుచున్నాను.